కలకత్తాలో కడపటి దినము

సమస్య

ఆర్యా,

నేను పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో ముప్పది మూడేండ్లు సాంఘికశాస్త్రము బోధించి, గత వేసవిలో ఉద్యోగవిరమణ చేసినవాడను. రాబోవు డిసెంబరు నెలలో నేనును నా భార్యయు కలకత్తా నగరమునకు పోయి, అచ్చట ఐదు దినములుండి, ఆరవనాటి వేకువను విమానమెక్కి, మొన్నమొన్నటి వరకు పోర్టుబ్లెయిరనియు ఇప్పుడు శ్రీవిజయపురమనియు పిలువబడుచున్న అండమాను రేవునకు పోవుటకై టిక్కెట్లు తీసికొంటిమి. కలకత్తా చూడవలెనన్నది ఆమె కోరిక. వంగ నవలాకారుడైన శరత్‌బాబు నవలలను తెలుగులో పెండ్లికి ముందునుండియు చదువుచున్నది.

మొదటి నాలుగు దినముల విషయమున మాకు తగవు లేదు. దక్షిణేశ్వరము, బేలూరు మఠము, జోడాసాంకోలో రవీంద్రుడు పుట్టిన యిల్లు, విక్టోరియా స్మారకభవనము, ఇట్లు అన్నియు కుదిరినవి. తగవంతయు ఐదవనాటిని గూర్చియే. అది సోమవారము. ఆ ఉదయము చౌరంగీలోని ఇండియన్ మ్యూజియమును, మధ్యాహ్నము శిబ్‌పూరు తోటలోని మహావటవృక్షమును, సాయంకాలము కాలేజీ వీధి పుస్తకాల అంగళ్ళను చూడవలెనని గంటల వారీగా పట్టీ వ్రాసితిని. ఆమె దానిని చదివి, మడిచి, నా చేతికే యిచ్చి, "ఆ ఒక్క రోజూ నాకు వదిలెయ్యండి. ఏమీ చూడొద్దు. ఏటి ఒడ్డున కూర్చుందాం" అన్నది.

ఎనిమిదేండ్ల క్రిందట కాశీయాత్రలో, తిరుగుప్రయాణపు నాడు ఆమె ఘట్టము మీదనే ఉండెదనన్నను వినక, మండుటెండలో సారనాథమునకును అచ్చటినుండి రామనగరు కోటకును త్రిప్పితిని. రైలులో ఆమె, "మీరు నాకు ఊళ్ళన్నీ చూపించారండీ. నా పక్కన కూర్చున్నది మాత్రం లేదు" అన్నది. నేను నవ్వి ఊరకుంటిని.

మరల ఆ నగరమునకు పోవు యోగము మాకుండునో లేదో తెలియదు. ఇంత సొమ్ము వ్యయించి ఒక దినమంతయు వట్టిగా గడపుట నా మనస్సునకు దుబారాగా తోచుచున్నది. పైగా, ఇది వ్రాయుటకు సంకోచముగనే యున్నది, పిల్లల చదువులు, పెండ్లిండ్లు, మా అమ్మ మంచము పట్టిన పదకొండేండ్లు, వీనిలో మునిగి బ్రదికిన మేమిద్దరము తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు ఒకచోట కూర్చుండి ఏమి మాటలాడుకొందుమో నాకు తోచుటలేదు. ఏది ఉచితమో తెలుపగోరుచున్నాను.

— ఒక విశ్రాంతోపాధ్యాయుడు

సలహా

మాస్టారూ,

మీ ఉత్తరమును రెండు మారులు చదివితిని. మొదటిసారి ఇది ప్రదర్శనశాలకును ఏటిగట్టునకును నడుమ తగవని తోచినది. రెండవసారి, "పైగా" అని ఆరంభించి, సంకోచించుచు, కడపట చేర్చిన వాక్యము చెంత నిలిచిపోతిని. మీరు భయపడుచున్నది మ్యూజియము తప్పిపోవునని కాదు. గంటల పట్టీ లేని ఒక దినమున మీ ధర్మపత్ని ఎదుట రిక్తహస్తములతో కూర్చుండవలసి వచ్చునని. ఆ మాటను దాచక వ్రాసితిరి గనుకనే మీకు దాచక సమాధానము చెప్పుచున్నాను.

ముందుగా లౌకికమైన సంగతులు. ఇండియన్ మ్యూజియమునకు సోమవారము సెలవు. 1814లో స్థాపితమైన ఆ ప్రదర్శనశాలను చరిత్ర చెప్పిన మీరు చూడకుండుట న్యాయము కాదు గనుక, విక్టోరియా భవనమునకు పోవునాడే చూడుడు. రెండును మైదానమును ఆనుకొనియే యున్నవి. కాలేజీ వీధి జోడాసాంకోకు దగ్గర. ఆనాటి సాయంకాలమే పుస్తకములు కొనవచ్చును. ఇక మహావటము. మూలకాండమునకు బూజు తెగులు సోకగా 1925లో దానిని నరికి తొలగించినను, ఊడల మీదనే నిలిచి నేటికిని విస్తరిల్లుచున్న ఆ వృక్షము చూడదగినదే, కాని అది నది కావలి యొడ్డున నున్నది. పోయి వచ్చుటకు ఒక పూట పట్టును. దానిని ఈసారికి విడువుడు.

వేకువ విమానమనగా రాత్రి రెండు మూడు గంటలకే లేచి దమ్‌దమ్ విమానాశ్రయపు దారి పట్టవలెనని మరువవలదు. కావున ఆ సోమవారము పేరునకే దినము. రాత్రి ఎనిమిదింటికే అది ముగియవలెను. పెట్టెలు ఆదివారము రాత్రియే సర్దివేయుడు. మీరు మరునాడు పోవుచున్నది సామాన్యమైన విహారస్థలమునకు కాదు. అచ్చటి సెల్యులారు జైలు, నడిమి గోపురమునుండి ఏడు బారులుగా చీలి, ఒక బారు ముందరి భాగము మరియొక బారు వెన్నునకు ఎదురగునట్లు, ఒక ఖైదీ ముఖము మరియొకనికి కనబడరాదను తలంపుతోనే కట్టబడినది. అలసిన కన్నులతో అందు ప్రవేశింపరాదని నా అభిప్రాయము.

ఇప్పుడు ఏటి ఒడ్డు సంగతి. మనము పటములలో హుగ్లీ అని చదువు నదిని వంగదేశీయులు గంగ అనియే పిలుతురు. అది గంగాశాఖయే కదా. కాశిలో ఏ నది చెంత ఆమె కూర్చుండగోరగా మీరు లేవదీసికొని పోయితిరో, ఆ నదియే కలకత్తాకు దిగివచ్చి మీకొరకు ప్రవహించుచున్నది. ఎనిమిదేండ్లనాటి ఆమె మాటకు మీరు సమాధానము ఇంకను బాకీ యున్నారు. నవ్వు సమాధానము కాదు. ఆమె కోరికపై పోవుచున్న నగరమని మీరే వ్రాసితిరి. అయినను ఐదు దినముల పట్టీలో ఆమె నోట వెడలినది ఏటి ఒడ్డొక్కటే, దానినే మీరు కొట్టివేయ జూచితిరి. ఇది పొరపాటని నిష్కర్షగా చెప్పుచున్నాను.

తెల్లని స్తంభముల మండపముతో ప్రిన్సెప్ ఘాట్ అని యొకటి యున్నది. ఉదయము ఆలస్యముగా లేచి, తీరికగా భుజించి, ఎండ తగ్గుముఖము పట్టునప్పటికి అచ్చటికి పొండు. డిసెంబరులో ఆ నగరమున ఐదు గంటలకు ముందే సూర్యుడస్తమించును. మూడింటికే చేరనిచో చీకటి మాత్రమే మిగులును. అద్దెకు నావలు దొరకును. ఎక్కుటకు మున్నే బేరమాడుకొనుడు. మట్టి ముంతలలో టీ అమ్మువారు వత్తురు. ఆ పాయ సముద్రపు పోటునకు లోబడినది గనుక, మీరు కొంతసేపు కదలక కూర్చున్నచో, క్రిందికి పోవుచున్న నీరు నిలిచి, మెల్లగా ఎగువకు మరలుటను చూతురు. గోదావరి జిల్లా మనిషికి దానిని వివరింపనక్కరలేదు. మీకంటె ముందు ఆమెయే కనిపెట్టును.

ఆ ఘాట్ ఎవరి పేరిట వెలసినదో మీకు తెలియును. జేమ్సు ప్రిన్సెపు 1820 నుండి పదేండ్లు కాశీ టంకశాలలో పనిచేసి, ఆ ఘట్టములను చిత్రములుగా వ్రాసి, పిదప కలకత్తాకు వచ్చి, 1837లో అశోకుని బ్రాహ్మీలిపిని చదివినవాడు. సాంచీ స్తూపపు రాళ్ళపైనున్న చిన్న చిన్న శాసనములన్నియు ఒకే రెండక్షరములతో ముగియుటను గమనించి, భక్తులిచ్చిన రాళ్ళు గనుక అది "దానం" అను పదమై యుండవలెనని ఊహించెను. తలుపు అచ్చట తెరువబడినది. మన తెలుగు లిపికి మూలమైన ఆ లిపి శతాబ్దముల మౌనము వీడినది. విరామమెరుగని శ్రమచే ఆరోగ్యము చెడి అతడు నలువదియేండ్లకే మరణించెను. ఈ కథను మీరు ముప్పది మూడేండ్లలో ఎన్ని తరగతులకు చెప్పియుందురో! ఇంటిలో ఎన్నడైన చెప్పితిరా? ఏమి మాటలాడుదునని మీరడిగినదానికి ఇది నా మొదటి సమాధానము. ఆ మెట్లమీద కూర్చుండి ఆమెకు చెప్పుడు, కాని పాఠముగా కాక, కాశిలో ఆమె చూడగోరిన గట్లను పదేండ్లు తీరికగా చూచిన ఒక మనిషి కథగా.

అది పావుగంట పట్టును. తరువాత మీరు అడుగవలెను, ఆమె చెప్పవలెను. శరత్ నవలలలో మొదట ఏది చదివినది, ఎవరి యింట తెచ్చుకొన్నది, అత్తగారు మంచము పట్టిన ఆ పదకొండేండ్లలో ఏ వేళ చదువుకొన్నది, ఇవి మీకు తెలియునా? తెలియదనియే నా అనుమానము. మీ తల్లికి ఆమె చేసిన సేవను మీరు ఉత్తరములో ఐదు మాటలలో దాటించితిరి; ఆ సేవను గూర్చి ఆమెతో ముఖాముఖి ఒక్క మాటయైన అనియుండనిచో, ఆ సాయంకాలము అనుడు. ఆ పిదప ఇద్దరికిని మాటలు కరవైనను కంగారుపడి లేవవలదు. ఆమె అడిగినది మాటలు కాదు, ప్రక్కన కూర్చుండుమన్నది.

ఈ రాత్రి భోజనము కాగానే ఆ గంటల పట్టీని ఆమె చేతికిచ్చి, ఆమెయే చింపునట్లు చేసి, సోమవారము తనదేనని చెప్పుడు.