నూనె మరక చూపేదీ, దాచేదీ

నిజామాబాద్‌లో ఆర్ఎక్స్ 100 బండ్ల మీద పని నేర్చుకుని 1994లో షార్జా వెళ్లాను. అక్కడి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక షెడ్డులో పద్దెనిమిదేళ్లు క్వాడ్ బైకులు బాగుచేశాను. శుక్రవారం బదాయర్ ఎర్ర దిబ్బల మీద తిరిగిన బండ్లు శనివారం పొద్దున్నే మా షెడ్డు ముందు వరుసకట్టేవి. ఎక్కువగా యమహా బాన్షీలు: 347 సీసీ, రెండు సిలిండర్లు, నీటితో చల్లబడే టూ స్ట్రోక్ ఇంజన్. మిగతావి బ్లాస్టర్లు: 195 సీసీ, ఒకటే సిలిండర్, గాలితో చల్లబడేది. “ఉస్తాద్, ఆయిల్ కారుతోంది” అంటూ వచ్చేవాళ్లే సగంమంది. ఆ మాట విని నేను చేసిన తప్పులు ఇక్కడ రాస్తున్నాను.

1. కడగని ఇంజన్ నిజం చెప్పదు.

నూనె పుట్టినచోట నిలవదు. కిందికి జారుతుంది, బండి వేగానికి వెనక్కి పాకుతుంది, దాని మీద ఇసుక పేరుకుంటుంది. మొదటి ఏడాది ఒక బాన్షీ అడుగున చుక్కలు చూసి డ్రెయిన్ బోల్టుదే తప్పనుకున్నాను. మూడుసార్లు వాషర్ మార్చాను, ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా బిగించాను. చివరికి అల్యూమినియం కేసులో మరలే అరిగిపోయాయి. నూనె కారుతున్నది పైన క్లచ్ లివర్ సీల్ దగ్గర. అప్పటినుంచి ముందు కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, అనుమానమున్న అతుకుల మీద టాల్కం పౌడర్ చల్లి, పది నిమిషాలు ఇంజన్ నడిపి చూసేవాణ్ని. తడి కనబడ్డ చోట్లలో అన్నిటికంటే పైనా, ముందూ ఉన్నదే అసలు చోటు.

2. రెంచి పట్టేముందు అది ఏ నూనో తేల్చుకో.

టూ స్ట్రోక్ ఇంజన్‌లో నూనెలు రెండు. పెట్రోలుతో కలిసి కాలిపోయే టూటీ ఆయిల్ ఒకటి, గేర్లనూ క్లచ్చునూ తడిపే గేర్ ఆయిల్ మరొకటి. బాన్షీకి టూటీ ఆయిల్ మనమే పెట్రోలులో కలపాలి. నేను లీటరుకు 30 మిల్లీలీటర్ల చొప్పున కలిపేవాణ్ని. బ్లాస్టర్‌కు దాని డబ్బా వేరు, పంపు వేరు. వేళ్ల మధ్య రుద్ది వాసన చూడు. పల్చగా ఉండి పెట్రోలు వాసన వస్తే అది మొదటిది. చిక్కగా ఉండి కాలిన క్లచ్ వాసన వస్తే గేర్ ఆయిల్. పాలు కలిపిన కాఫీలా తెల్లబారితే నీళ్ల పంపు సీల్ పోయి కూలెంట్ అందులో కలుస్తోందని అర్థం. సైలెన్సర్ అతుకు దగ్గర నల్లగా, జిగురుగా కారేది చాలాసార్లు కాలకుండా మిగిలిన టూటీ ఆయిలే. దానికి సీల్ వెతకొద్దు, నూనె పాళ్లూ కార్బురేటర్ జెట్టూ చూడు.

చిన్న స్ప్రాకెట్ చుట్టూ చిందిన చైన్ లూబ్‌ను గేర్ ఆయిల్ అనుకుని, బాగున్న సీల్‌ను పీకేసి కొత్తది వేసి ఒకతని దగ్గర కూలి తీసుకున్నాను. సంగతి మరునాడే తెలిసింది. డబ్బు మాత్రం తిరిగి ఇవ్వలేదు. అది ఈనాటికీ నా మనసులో ముల్లు.

3. బయటికి కారేదానికంటే లోపలికి లాగేది ప్రమాదం.

బిడ్డా, ఈ ఒక్కటీ నిదానంగా చదువు. టూ స్ట్రోక్‌లో క్రాంక్ కేసు కూడా ఊపిరి తీస్తుంది. పిస్టన్ పైకి వెళితే లోపలికి పీలుస్తుంది, కిందికి వస్తే ఒత్తుతుంది. ఆ ఊపిరిని కాపాడేవి క్రాంక్ రెండు చివర్లా ఉన్న ఆయిల్ సీళ్లు. క్లచ్ వైపు సీల్ పోతే ఇంజన్ గేర్ ఆయిల్‌ను పీల్చి కాల్చేస్తుంది. నేల మీద చుక్క పడదు. పొగ ఆగదు, గేర్ ఆయిల్ మట్టం తగ్గుతూ పోతుంది. మాగ్నెట్ వైపు సీల్ పోతే పీల్చేది గాలి. మిశ్రమంలో పెట్రోలూ నూనే తగ్గుతాయి, పిస్టన్ కాలుతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ వేగం వెంటనే దిగదు. అదే దాని మొదటి హెచ్చరిక.

ఆ హెచ్చరికను నేను నా చెవులతో విన్నాను. ఒక యజమాని కొడుకు, ఇరవై ఏళ్ల కుర్రాడు, బాన్షీ తెచ్చాడు. మాగ్నెట్ కవరు లోపల కాస్త తడి ఉంది, ఐడ్లింగ్ ఎక్కువగా ఉంది. తడి తుడిచి, కవరు ప్యాకింగ్ మార్చి, ఐడ్లింగ్ స్క్రూ తిప్పి పంపేశాను. ఆ తర్వాతి శుక్రవారం దిబ్బ దిగుతుండగా పిస్టన్ పట్టేసింది, వెనక చక్రాలు రెండూ ఒక్కసారిగా బిగుసుకున్నాయి. కుర్రాడి భుజం దగ్గరి ఎముక విరిగింది. వాళ్ల నాన్న వచ్చి అడిగితే ఇసుక మెత్తగా ఉందన్నాను. కుర్రాడు కోలుకున్నాడు. నేనే నిజం చెప్పలేదు.

టూ స్ట్రోక్ నడిపేవాళ్లకు ఆ తర్వాత ఎప్పుడూ ఒక మాట చెప్పేవాణ్ని: రెండు వేళ్లు క్లచ్ మీదే ఉంచండి, పిస్టన్ పట్టేస్తే వెంటనే నొక్కొచ్చు.

4. కంటికి దొరకనిది గాలికి దొరుకుతుంది.

ఆ ప్రమాదం తర్వాత బీపీ చూసే పరికరం ఒకటి కొన్నాను. కార్బురేటర్లు తీసి ఆ దారులు రబ్బరుతో మూసి, సైలెన్సర్ దారులు కూడా మూసి, ఆ బుడ్డితో గాలి ఎక్కించాలి. ముల్లు 300 దగ్గరికి వస్తే సుమారు 6 పీఎస్ఐ. ఆరు నిమిషాలు నిలిస్తే మంచిది. 10 పీఎస్ఐ దాటించొద్దు, బాగున్న సీళ్లు కూడా కదిలిపోతాయి. ముల్లు దిగుతుంటే సిలిండర్ అడుగు ప్యాకింగ్, ఇన్‌టేక్ రబ్బర్లు, బాన్షీలో ఆ రెంటినీ కలిపే గొట్టం, మాగ్నెట్ విప్పి దాని వెనక సీల్, అన్నిటికీ సబ్బు నీళ్లు పూయి. గేర్ ఆయిల్ పోసే రంధ్రంలోంచి గాలి వస్తే క్లచ్ వైపు సీల్ పోయినట్టే. ఒత్తిడికి నిలిచిన సీల్ కొన్నిసార్లు పీల్చేటప్పుడు వదిలేస్తుంది, కాబట్టి గాలి లాగి కూడా చూడు.

5. గమ్ము ప్యాకింగ్ కాదు.

మట్టమైన అతుక్కి పల్చటి పూత చాలు. ఎక్కువైంది లోపలికి ఉబ్బి, ఊడి, నూనె దారుల్లో అడ్డం పడుతుంది. గీతలు పడ్డ అతుకును సరిచేయకుండా గమ్ముతో కప్పిన రోజులు నాకూ ఉన్నాయి. అవన్నీ తిరిగి వచ్చాయి.

6. సీల్ ఊరికే చెడదు.

జగిత్యాల నుంచి వచ్చిన కుర్రాడొకడు నా దగ్గర హెల్పర్‌గా ఉండేవాడు. ఒక బాన్షీకి చిన్న స్ప్రాకెట్ వెనక సీల్ వేశాడు, వారానికే కారింది. మళ్లీ వేశాడు, మళ్లీ కారింది. పెదవి చింపి వేశావని పదిమందిలో తిట్టాను. వాడు మారు మాట్లాడలేదు, ఆ నెల జీతం తీసుకుని వెళ్లిపోయాడు. మూడోసారి నేనే వేశాను. అదీ కారింది. అప్పుడు సీల్ ఆనే ఉక్కు బుష్ మీద గోరు పెట్టి చూస్తే సన్నటి గాడి తగిలింది. సీల్ పెదవి కింద చేరిన ఇసుక ఏళ్ల తరబడి గీకిన గాడి అది. బుష్ మార్చగానే కారడం ఆగింది. వాడు వేసిన రెండు సీళ్లూ సరిగానే వేశాడు.

ఎక్కడున్నాడో చాలామందిని అడిగాను, తెలియలేదు. ఆ బుష్ నాతోపాటే ఊరికి తెచ్చుకున్నాను. ఇప్పుడు నా బల్ల సొరుగులో ఉంది. ఎప్పుడైనా నిజామాబాద్ వస్తే దాని మీద ఒకసారి గోరు పెట్టి చూడు బిడ్డా, గాడి తగులుతుంది.