మూడో తరగతికి ఈ పాఠం తొందరా?

ప్రశ్న: ప్రాథమిక పాఠశాల టీచర్ని. మూడో తరగతికి 'మంచి స్పర్శ, చెడు స్పర్శ' చెబుతానంటే, లేనిపోనివి నేర్పుతున్నారని తల్లిదండ్రులు గొడవ పడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదేనమ్మా. కానీ 2007లో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ అధ్యయనం ప్రకారం, పిల్లల్ని లైంగికంగా వేధించినవాళ్లలో దాదాపు సగం మంది తెలిసినవాళ్లే; చాలామంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కాబట్టి 'కొత్తవాళ్లతో జాగ్రత్త' అంటే చాలదు. ముందు తల్లిదండ్రుల్ని పిలిచి పాఠమంతా చూపించండి: ఒంటి భాగాల పేర్లు, 'వద్దు' అనడం, నమ్మినవాళ్లకు చెప్పడం, అంతే. పెద్దలంటే గౌరవం పోతుందంటారా? రహస్యంగా ఉంచమనే పెద్దకు ఆ గౌరవం అక్కర్లేదు. ఈ పాఠాన్ని ఏడాదికోసారి చెప్పి వదిలేయకండి. ఏ బిడ్డైనా నోరు విప్పితే గుచ్చి గుచ్చి అడగొద్దు. వెంటనే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి, పోలీసులకూ తెలపండి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, తెలిసిన పెద్దలు ఫిర్యాదు చేయకపోవడం నేరం.