ఏ లోటూ లేని ఇళ్లు

"మా ఇంట్లో ఏ లోటూ లేదండీ. అడిగింది కాదనకుండా కొనిచ్చాం. వీడికేం కష్టమొచ్చిందో అర్థం కావట్లేదు." మానసిక వైద్యుల దగ్గరికి పదహారేళ్ల పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు తరచూ అనే మాట ఇది. వాళ్లు అబద్ధమాడటం లేదు. ఫోనుంది, ఏసీ ఉంది, లక్షల ఫీజు కట్టిన కాలేజీ ఉంది. ఒకరి మనసులో మాట ఇంకొకరికి చేరే దారి మాత్రం ఆ ఇంట్లో లేదు.

కోపమొచ్చినా సరే, చెబుతాను. పిల్లవాడు దిగులుగా ఉంటే వాణ్ణొక్కణ్ణే నిలబెట్టి ఆరా తీయడం ఆపండి. ముందు ఇల్లెలా నడుస్తోందో చూడండి.

ఇల్లు నడిచే తీరును కొలవడానికి ఎప్‌స్టీన్ అనే మనోవైద్యుడు, ఆయన సహచరులు 1983లో ఒక ప్రశ్నావళి ప్రచురించారు. మెక్‌మాస్టర్ నమూనా అనే సిద్ధాంతం ఆధారంగా తయారైనది అది. చిక్కు వచ్చినప్పుడు కలిసి తేల్చుకుంటారా? మాట సూటిగా చెప్పుకుంటారా? ఏ పని ఎవరిది? సంతోషం, బాధ బయటపెట్టగలరా? ఒకరి సంగతి ఒకరికి పడుతుందా? ఇంటి కట్టుబాట్లు ఎలా ఉన్నాయి? ఈ ఆరూ చూస్తుంది. ఇవి కుంటుపడిన ఇళ్లలోని కౌమార పిల్లల్లో కుంగుబాటు ఎక్కువగా కనబడుతోందని ఆ తర్వాత చాలా దేశాల్లో పరిశోధనలు చెప్పాయి. అలాగని తప్పంతా ఇంటిదేనని కాదు. వంశపారంపర్యం ఉంది, స్నేహితులున్నారు, పరీక్షలున్నాయి. పిల్లల దిగులు వల్ల కూడా ఇల్లు బీటలు వారుతుంది.

నా సంగతి కూడా చెప్పేస్తాను. నేను ఇంటర్ చదివే రోజుల్లో నాన్న మాట నాకు అమ్మ ద్వారానే అందేది. అమ్మకీ నాయనమ్మకీ మధ్య వార్తలు మోసేది నేను. "మీ అమ్మకి చెప్పు", "మీ నాయనమ్మనడుగు". ఎవరూ అరుచుకునేవాళ్లు కాదు. చుట్టాలు మాది ప్రశాంతమైన ఇల్లనేవాళ్లు. ఆ ప్రశాంతతలోనే నాకు ఆకలి చచ్చిపోయింది. తెల్లవారకముందే మెలకువ వచ్చేది, గంటసేపు పుస్తకం పట్టుకున్నా పేజీ కదిలేది కాదు. బద్ధకమన్నారు. దిష్టి తగిలిందని నాయనమ్మ ఎర్రనీళ్లు తీసింది. నవ్వకండి, ఆ ఇంట్లో నన్ను నిండుగా చూసింది ఆ రెండు నిమిషాలే.

ఈ వయసులో దిగులు చాలాసార్లు ఏడుపుగా రాదు, చిరాకుగా వస్తుంది. తలుపు దభాలున పడుతుంది, పెడసరి సమాధానం వస్తుంది. మనం దానికి పొగరని పేరు పెట్టి ఇంకో నాలుగు తగిలిస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. మీ వీధిలో ఏడుగురు పిల్లలు లేరా? 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకుంటే టీవీల ముందు కూర్చుని వ్యవస్థను తిట్టాం. తిట్టాల్సిందే. ఆ రాత్రి మనింటి పిల్లలతో మాత్రం ఏం మాట్లాడాం?

సరే, తిట్లు చాలు. నేను ఒట్టేసి చెప్పగల అలవాటు ఒకటుంది: రాత్రి భోజనాలయ్యాక మర్నాటి కూరకి కాయగూరలు ఇంటిల్లిపాదీ కూర్చుని బాగుచేసుకోవడం.

కలిసి భోంచేసే ఇళ్లలో పిల్లల మనసు కుదురుగా ఉంటోందని కెనడాలో 26 వేల మంది పిల్లలతో చేసిన ఒక అధ్యయనం 2013లో వచ్చింది. ఆ మేలు కొంతవరకు ఇంట్లో సాగే మాటల ద్వారానే అందుతోందట. మన ఇళ్లలో భోజనాల వేళ ఎలా ఉంటుందో మీకు తెలుసు. టీవీ మోగుతుంటుంది, అమ్మ నిలబడి వడ్డిస్తుంటుంది, నాన్న "వీక్లీ టెస్టులో ఎంతొచ్చింది?" అంటాడు. ముద్ద గొంతులో ఆగిపోతుంది.

అదే నేల మీద పాత పేపరు పరిచి, మధ్యలో చిక్కుడుకాయలు పోసుకుని కూర్చుంటే వేరు. చేతులకి పనుంటుంది, చూపులు కాయల మీద ఉంటాయి. పిల్లలకి ఎదురెదురుగా కూర్చోబెడితే రాని మాట పక్కపక్కన కూర్చుంటే వస్తుంది. మాట రాకపోయినా ఇబ్బంది లేదు, ఈనెలు తీస్తూ పోవచ్చు. తల్లి చాకిరీ ఎంతో మిగతావాళ్లకి తెలిసొస్తుంది. మగవాళ్లూ కూర్చోవాలి, ఇందులో మినహాయింపు లేదు. మార్కులు, ర్యాంకులు, పక్కింటి అబ్బాయి ఊసు నిషిద్ధం. ఫోన్లు వేరే గదిలో.

మొదట్లో మా ఇంట్లో కాయల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. మా ఆయన లేవడానికి సాకులు వెతికేవాడు. అలా కొన్నాళ్లు గడిచాక తొమ్మిదో తరగతి చదివే మా చిన్నది తలెత్తకుండానే, "లంచ్‌లో నా పక్కన ఎవరూ కూర్చోరమ్మా" అంది. నా గుండె జారిపోయింది. వెంటనే స్కూలుకి ఫోన్ చేయాలనిపించింది. "ఎప్పట్నుంచే?" అని మాత్రం అడిగి ఇంకో కాయ తీసుకున్నాను. మిగతాది అదే చెప్పుకొచ్చింది. సలహా ఇవ్వకుండా నోరు కట్టేసుకోవడమే ఇందులో అసలు సాధన. నాకిప్పటికీ పూర్తిగా చేతకాలేదు.

మిగతావి మీకు తెలిసినవే, గబగబా చెప్పేస్తాను. నిద్ర చాలాలి. ఒంటికి కాస్త నడక కావాలి. భార్యాభర్తల తగవులో పిల్లల్ని రాయబారానికి పంపకండి. హాస్టల్లో ఉన్న పిల్లలకి ఫోన్ చేస్తే మొదట చదువు సంగతి ఎత్తకండి.

చిక్కుడుకాయలతో డిప్రెషన్ నయమవుతుందని ఎవరైనా అనుకుంటే అది నా తప్పు కాదు. రెండు వారాలు దాటి దిగులో చిరాకో తగ్గకపోయినా, నిద్ర, ఆకలి తారుమారైనా డాక్టరు దగ్గరికి వెళ్లండి. చచ్చిపోవాలనుందన్న మాట వినిపిస్తే రెండు వారాలు చూడక్కర్లేదు, అప్పుడే కదలండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కి రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈ రాత్రే మొదలుపెట్టేవాళ్లకి చిన్న సూచన. బెండకాయలు వద్దు, ఒక్కరే ఐదు నిమిషాల్లో తరిగేసి లేచిపోతారు. గోరుచిక్కుళ్లు తెచ్చుకోండి, అరకిలోకి తగ్గకుండా.