హోయ్ ఆన్‌లో సైకిలు మీద

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. సైకిలు తొక్కి పదేళ్లు దాటింది. మార్చిలో వియత్నాంలోని హోయ్ ఆన్ వెళ్తున్నాం. అక్కడ సైకిలు మీద తిరగడం నా వల్ల అవుతుందా?

జవాబు: తప్పకుండా అవుతుందమ్మా. ఊరంతా చదును నేల, ఎత్తులెక్కే పని లేదు. మార్చిలో వానల బెడదా తక్కువే. జాగ్రత్త పడాల్సింది ఒక్కచోటే. అక్కడ బండ్లన్నీ రోడ్డుకు కుడివైపు నడుస్తాయి. మన అలవాటు ఎడమ కదా, మలుపు తిరగగానే తెలియకుండానే అటు వెళ్లిపోతాం. ఎడమకు తిరగాల్సి వస్తే మొహమాటపడకుండా దిగి, సైకిలు నడిపించుకుంటూ దాటండి. చాలా హోమ్‌స్టేలు సైకిళ్లు ఇస్తాయి. తీసుకునే ముందు బ్రేకులు నొక్కి చూడండి, కాళ్లు నేలకు ఆనేలా సీటు దించమనండి.

మొదటి రోజు తెల్లవారుజామునే చా క్వే కూరగాయల పల్లెకు వెళ్లండి. పాత ఊరి నుంచి మూడు కిలోమీటర్లే, మధ్యలో వరిచేలు. రైతులు భుజాన కావడి, దానికి రెండు పక్కలా నీటి డబ్బాలు వేసుకుని, రెండింటినీ ఒకేసారి వంచి తులసి, పుదీనా మళ్లు తడుపుతుంటారు. మట్టిలో ఏటి నాచు కలుపుతారు, అదే వాళ్ల ఎరువు. అక్కడ కాసేపు ఆగకుండా రావద్దు. ఇంకొంచెం తొక్కితే ఆన్ బాంగ్ సముద్రతీరం.

1999లో యునెస్కో జాబితాకెక్కిన పాత ఊరిని మాత్రం సాయంత్రం నడిచే చూడండి. ఆ రద్దీలో సైకిలు బరువే.