వేసవి చిటపటల్లో హామ్ రేడియో

హామ్ రేడియో అనగా ప్రభుత్వ పరీక్ష ప్యాసై, లైసెన్సు పొంది, లాభాపేక్ష లేకుండా సొంత సెట్టుతో దేశదేశాల వారితో మాట్లాడే విద్య. మన దేశపు స్టేషన్ల పేర్లు ఎక్కువగా 'వి.యు.' అక్షరాలతో మొదలవుతాయి. ఏటా మార్చి ఆఖరి శని, ఆదివారాల్లో సి.క్యు. డబ్ల్యు.పి.ఎక్స్. అనే మాటల పోటీ జరుగుతుంది. మన టైము ప్రకారం శనివారం ఉదయం 5.30కి మొదలై 48 గంటలు నడుస్తుంది. దొరికిన ప్రతి స్టేషనుకూ '59' అని, ఆపైన మన వరుస నంబరు చెప్పాలి. వాళ్ళ నంబరు తప్పు లేకుండా రాసుకోవాలి. చూడటానికి ఇంతే! ఆ నంబరు వినబడటమే కష్టం.

క్రిందటి పోటీకి గుంటూరు ప్రాంతంలోని మా పల్లెలో డాబాకూ వేపచెట్టుకూ మధ్య తీగలు కట్టి కూర్చున్నాను. వేరే ఖండపు స్టేషను దొరికితే 20 మీటర్ల బ్యాండులో 3 పాయింట్లు, 40 మీటర్లలో 6. ఆ ఆశతో శనివారం రాత్రంతా 40 మీటర్లలోనే వెతికాను. చెవుల్లో పేలాలు వేగినట్టు ఒకటే చిటపట.

దీనికి కారణం మెరుపు. మెరుపు కూడా ఒక ట్రాన్స్‌మిటరే. దాని శక్తి తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఎక్కువ, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. అందుకే 7 మెగాహెర్ట్జ్ (40 మీటర్లు) కంటే 14 (20 మీటర్లు) ప్రశాంతం. పగటిపూట 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున ఉండే 'డి' పొర తక్కువ ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది. పొద్దుగూకితే ఆ పొర మాయం. ఇక ఎక్కడో వందల మైళ్ళ అవతలి మెరుపుల గోల కూడా పై పొరలకు తగిలి మన చెవిన పడుతుంది.

వాల్యూమ్ పెంచితే గోల కూడా పెరుగుతుంది. ఆర్.ఎఫ్. గెయిన్ తగ్గించాలి. ఫిల్టరు ఇరుకు చేయాలి. అంకెలు విడివిడిగా పలకాలి. "మళ్ళీ చెప్పండి" అనడానికి సిగ్గుపడకూడదు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి 20 మీటర్లలో యూరప్ స్టేషనొకటి నన్ను అందుకుంది. అంతవరకు నాకు దొరకని ప్రిఫిక్సు! కొత్త ప్రిఫిక్సు దొరికితే మొత్తం స్కోరు ఇంకొంత హెచ్చవుతుంది. అతను నంబరు చెప్పబోయేసరికి 'ఫట్'. మళ్ళీ అడిగాను. మళ్ళీ 'ఫట్'. ఇంతలో వసారాలోంచి నాన్న కేక: "ఒరేయ్, నా రేడియో గరగరలాడుతోంది. వానొచ్చేట్టుంది. కల్లంలో కాయలున్నాయి, పట్టాలు లాగుదాం రా!"

బయట చూస్తే ఫెళ్ళున ఎండ. "వస్తున్నా నాన్నా" అంటూనే ఇంకో నాలుగుసార్లు అడిగాను. అప్పుడు తట్టింది. నాన్న ట్రాన్సిస్టరు మీడియం వేవుది. పగలు దూరపు చిటపటలను డి పొర దాని దాకా రానివ్వదు. పట్టపగలు ఇలా గరగరలాడిందంటే మెరుపులు దగ్గరికొచ్చాయన్నమాటే! సూత్రం చదివిన నాకు తట్టనిది, చదవని నాన్నకు ఎప్పటినుంచో తెలుసు.

యాంటెన్నా తీగ పీకి బయట పడేసి పరుగెత్తాను. మెరుపులప్పుడు తీగ తగిలించి ఉంచితే సెట్టుకే కాదు, మనిషికీ ప్రమాదం. రెండు కుప్పలు కప్పగలిగాం. మూడోది మా కళ్ళముందే తడిసిపోయింది. తడిసిన మిరపకాయ రంగు పోయి తాలవుతుంది, ధర పడిపోతుంది. మొదటి కేకకే లేచి ఉంటే అదీ దక్కేది. నాన్న మాత్రం ఏమీ అనలేదు.

లాగ్ పుస్తకంలో 64వ వరుస ఖాళీగానే ఉంది. వినని నంబరు ఊహించి రాయడం పోటీ ధర్మం కాదు కదా! వచ్చే పోటీలో నాన్న ట్రాన్సిస్టరు నా సెట్టు పక్కనే ఉంటుంది.