గ్రహణం లెక్క, గ్రహఫలం, విశ్వవిద్యాలయం ముద్ర

పూతలపట్టు కూడలి నుంచి తిరుపతి రోడ్డు పడితే దారిలో గాదంకి తగులుతుంది. అక్కడ అంతరిక్ష శాఖవారి జాతీయ వాతావరణ పరిశోధనశాల ఉంది. 53 మెగాహెర్ట్జ్ రాడార్ తరంగాలను ఆకాశంలోకి పంపి, మన నెత్తిమీది గాలుల కదలికలను కొలిచే చోటు అది. తిరుపతి దాటి ఇంకా ముందుకు పోతే శ్రీకాళహస్తి. గ్రహణం పట్టినప్పుడు తిరుమలతో సహా చాలా ఆలయాల తలుపులు మూస్తారు. కాళహస్తిలో మాత్రం మూయరు. రాహుకేతు పూజలకు పేరుపొందిన క్షేత్రం కదా! ఈ రెంటికీ నడుమ తిరుపతిలో 1954లో పుట్టిన శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయమూ, జ్యోతిష శాఖ గల సంస్కృత విశ్వవిద్యాలయమూ ఉన్నాయి.

ఒకే రోడ్డు మీద ఆకాశాన్ని ఇన్ని రకాలుగా చూసే చోట్లున్నాయి. ఇందులో తగవేమీ లేదు. ఎవరి పని వారిది. మరి తగవు ఎప్పుడొస్తుంది? ఒకదాని ముద్ర తెచ్చి ఇంకొకదాని మీద వేసినప్పుడు వస్తుంది. అలాంటి తగవు ఒకటి మన రాష్ట్రంలోనే మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. విద్యార్థులు, అధ్యాపకులు దాన్ని గూర్చి తెలుసుకోవడం అవసరం. ఎవరి భక్తినీ కించపరచడం ఈ వ్యాసం ఉద్దేశం కాదని ముందే మనవి.

ఒకే పేరు, రెండు విద్యలు

జ్యోతిషాన్ని మన పెద్దలు మూడు స్కంధాలుగా విభజించారు: సిద్ధాంతం, సంహిత, హోర. సిద్ధాంతమంటే గణితం. సూర్యచంద్రులు, గ్రహాలు ఏ వేళకు ఎక్కడ ఉంటాయో లెక్కగట్టేది. హోర అంటే జాతకఫలం. ఆ గ్రహాలు ఫలానా చోట ఉన్నందువల్ల ఫలానా మనిషికి పెళ్ళి ఎప్పుడవుతుంది, ఉద్యోగం వస్తుందా రాదా అని చెప్పేది.

ఈ రెంటికీ ఉన్న తేడా రాహుకేతువుల దగ్గర బాగా తెలుస్తుంది. క్రీ.శ. 499లో ఆర్యభటుడు గ్రహణాలను నీడల లెక్కతో వివరించాడు. చంద్రుడి దారి సూర్యుడి దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ రెండు దారులూ రెండు చోట్ల ఖండించుకుంటాయి. గణితంలో రాహువు, కేతువు అంటే ఆ రెండు బిందువులే. అమావాస్యగానీ పౌర్ణమిగానీ ఆ బిందువుల దగ్గర పడితేనే గ్రహణం. అందుకే ప్రతి అమావాస్యకూ సూర్యగ్రహణం రాదు. ఆ బిందువులు కూడా నిలకడగా ఉండవు. వెనక్కి జరుగుతూ సుమారు 18.6 ఏళ్ళలో ఒక చుట్టు పూర్తి చేస్తాయి.

పంచాంగంలో స్పర్శకాలం, మోక్షకాలం నిమిషాలతో సహా వేస్తారు. ఆ వేళకు నీడ పడకపోతే లెక్క తప్పినట్టే. ఊరంతా తలెత్తి చూస్తుంది, దాచడానికి వీల్లేదు. సిద్ధాంతం గొప్పతనమంతా ఇందులోనే ఉంది. తప్పని తేలే అవకాశాన్ని అది తానే మన చేతికిస్తుంది. హోర సంగతి అలా కాదు. చెప్పింది జరిగితే శాస్త్రం గొప్పది. జరగకపోతే పుట్టిన వేళ సరిగా రాసుకోలేదనో, శాంతి చేయించలేదనో అంటారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ!

కార్తెలు చెప్పే పాఠం

మన రైతులు కార్తెలను బట్టి సేద్యం చేస్తారు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో సుమారు 13, 14 రోజులుంటాడు. రోహిణి కార్తె ఎండలకు, మృగశిర తొలకరికి పేరు. ఇది గాలికబుర్లు కాదు, తరతరాల పరిశీలన.

అయితే ఇందులో ఒక చిక్కుంది. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరుగుతుంది. దానివల్ల నక్షత్రాల లెక్కకూ ఋతువుల లెక్కకూ సుమారు 71, 72 ఏళ్ళకు ఒక రోజు తేడా వస్తుంది. వరాహమిహిరుడి కాలం నుంచి నేటికి 1500 ఏళ్ళు. అంటే మూడు వారాల తేడా. ఆయన కాలపు మృగశిర కార్తె, ఋతువుల లెక్కలో చూస్తే, ఇప్పటి మృగశిర కంటే మూడు వారాలు ముందే వచ్చేది. సంక్రాంతి కూడా అంతే. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21 లేదా 22న. మనం మకర సంక్రమణం జరుపుకొనేది జనవరి 14 లేదా 15న.

ఈ తేడాను సరిదిద్దాలన్నవాళ్ళు బయటివాళ్ళేమీ కారు. మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో కాంతి మారే నక్షత్రమొకదాన్ని కనుగొన్నారు. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా నడిచినప్పుడు, దాన్ని సామాన్యులకు వివరిస్తూ భారతీయ భాషల్లో చిన్న పుస్తకాలు వేయించారు. కంటికి కనిపించేదానితో పంచాంగం సరిపోవాలి, అదే దృగ్గణితమని ఆయన వాదించారు. ఆ తర్వాత మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో క్యాలెండరు సంస్కరణ సంఘం ఏర్పడింది. 1955లో నివేదిక వచ్చింది. 1957 మార్చి 22 నుంచి జాతీయ శక క్యాలెండరు అమల్లోకి వచ్చింది. సాహా దాన్ని చూడలేదు, 1956లోనే కన్నుమూశారు. పండుగలు మాత్రం పాత లెక్కనే నడుస్తున్నాయి. ఒక్కో ఏడు ఒకే పండుగ రెండు రోజులు ఎందుకొస్తుందని మనం తలలు పట్టుకోవడానికి పంచాంగాల లెక్కల్లోని తేడాలు ఒక కారణం.

చెప్పొచ్చేదేమంటే, మన సంప్రదాయంలోనే లెక్కను దిద్దుకునే ధోరణి ఉంది. ఖగోళశాస్త్రం మనకు పరాయిది కాదు.

2001లో ఏం జరిగింది?

2001 ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం దేశంలోని విశ్వవిద్యాలయాలకు ఒక సర్క్యులర్ పంపింది. ‘జ్యోతిర్విజ్ఞాన్’ పేరుతో వేద జ్యోతిష శాఖలు పెట్టుకోవచ్చునని, అందుకు అధ్యాపకుల పోస్టులతో సహా సాయం చేస్తామని దాని సారాంశం. అప్పటి కేంద్ర మానవ వనరుల మంత్రి మురళీ మనోహర్ జోషి. పాత విద్యగా చదవమంటే పేచీ ఉండేది కాదేమో. సర్క్యులర్ దాన్ని విజ్ఞానమనే పేర్కొంది.

ఇక్కడ మన భాషలోనే ఒక మెలిక ఉంది. ‘శాస్త్రం’ అన్న మాటను మనం ధర్మశాస్త్రానికీ వాడతాం, వాస్తుశాస్త్రానికీ వాడతాం, భౌతికశాస్త్రానికీ వాడతాం. క్రమంగా చెప్పిన విద్య ఏదైనా శాస్త్రమే. అందులో తప్పు లేదు. కానీ సైన్సు అన్న అర్థంలో శాస్త్రమనాలంటే పరీక్షకు నిలవాలి. ఒక మాటకున్న గౌరవాన్ని ఇంకో మాటకు అరువివ్వడం వల్లనే సగం గందరగోళం.

హైదరాబాదులోని కణజీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీకి వ్యవస్థాపక సంచాలకుడైన పుష్పమిత్ర భార్గవ, మరికొందరితో కలిసి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకెక్కారు. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51ఏ అధికరణం, శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుల విధి అంటుంది. అలాంటి దేశంలో ప్రజాధనంతో దీన్ని సైన్సుగా ఎలా చెబుతారని వారి ప్రశ్న. 2001లోనే హైకోర్టు ఆ పిటిషన్ను కొట్టేసింది. వారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2004 మే 5న అక్కడా ఓడిపోయారు.

ఆ తీర్పును చాలామంది ‘జ్యోతిషం సైన్సేనని సుప్రీంకోర్టు తేల్చింది’ అని చెప్పుకుంటారు. అది సరి కాదు. జ్యోతిషంలో గ్రహగతుల అధ్యయనం ఒక భాగమని కోర్టు గుర్తించిన మాట నిజం. కానీ జాతకఫలాలు నిజమా కాదా అని సాక్ష్యాలు పెట్టి విచారించలేదు. ఈ కోర్సు ఎవరికీ తప్పనిసరి కాదు, ఏ కోర్సు పెట్టాలన్నది విద్యారంగ నిపుణులు చూసుకోవలసిన విషయం, అందులో కోర్టులు తలదూర్చడం తగదు అన్నది ఆ తీర్పు సారం.

అంటే ఏమిటి? కోర్టు ఆ బాధ్యతను మళ్ళీ విశ్వవిద్యాలయాల చేతికే ఇచ్చింది. పాఠ్యప్రణాళిక సంఘాల్లో కూర్చునే ఆచార్యుల చేతికి, ప్రశ్నించే విద్యార్థుల చేతికి ఇచ్చింది. తగవు అక్కడితో ముగియలేదు. 2021లో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం జ్యోతిషంలో ఎం.ఏ. ప్రారంభించినప్పుడు సైన్సు ప్రచార సంఘాలు మళ్ళీ అభ్యంతరం చెప్పాయి.

పరీక్ష పెడితే?

‘చదవకుండానే కొట్టేస్తారు మీరు’ అని జ్యోతిషాభిమానులు అంటారు. న్యాయమైన ఆక్షేపణే. 1975లో అమెరికాలో 186 మంది శాస్త్రజ్ఞులు జ్యోతిషానికి వ్యతిరేకంగా ప్రకటన చేస్తే, కార్ల్ సేగన్ సంతకం పెట్టలేదు. ఆయనకు జ్యోతిషం మీద నమ్మకం ఉండి కాదు. ఆ ప్రకటన ధోరణి అధికారంతో నోరు మూయించేలా ఉందని ఆయనకు తోచింది.

మన దేశంలో ఖగోళ శాస్త్రజ్ఞుడు జయంత్ నార్లీకర్ పరీక్ష పెట్టే చూశారు. మహారాష్ట్రలో ఆయన బృందం 200 మంది పిల్లల జన్మవివరాలు సేకరించింది. 100 మంది చదువులో చురుకైనవారు, 100 మంది బుద్ధిమాంద్యం ఉన్నవారు. ఒక్కో జ్యోతిష్కుడికి 40 జాతకాలిచ్చి, ఎవరు ఏ కోవకు చెందుతారో చెప్పమన్నారు. జవాబులు పంపినవారు 27 మంది. సగటున సరిపోయినవి నూటికి 46. నాణెం ఎగరేసి చెప్పినా 50 రావాలి! ఒక జ్యోతిష సంస్థకు మొత్తం 200 జాతకాలూ ఇస్తే 102 సరిపోయాయి. ఈ ఫలితాలు 2009లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో వచ్చాయి. ఒక్క పరీక్షతో అంతా తేలిపోదనవచ్చు. మంచిదే, ఇంకో పది పెట్టండి. సైన్సు అనిపించుకోవాలంటే ఆ పని చెయ్యవలసింది ఆ కోర్సు పెట్టినవారే.

అమెరికాలోనూ ఇదే తగవు

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. అమెరికాలో ‘ఇంటెలిజెంట్ డిజైన్’ అనే వాదం ఉంది. ప్రకృతి వెనుక ఒక బుద్ధి ఉందని, దాని ఆనవాళ్ళు సైన్సులోనే దొరుకుతాయని వారంటారు. 2004లో గిలెర్మో గొంజాలెజ్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు మరొకరితో కలిసి ఒక పుస్తకం వేశాడు. విచిత్రమేమిటంటే అక్కడా గ్రహణమే ఆధారం! సూర్యుడు చంద్రుడికంటే సుమారు 400 రెట్లు పెద్ద, సుమారు 400 రెట్లు దూరం. అందుకే చంద్రబింబం సూర్యబింబాన్ని సరిగ్గా కప్పుతుంది. మనం చూసి నేర్చుకోవడానికే ఇలా అమర్చారని ఆ వాదం.

చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ చంద్రుడు ఏడాదికి సుమారు 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. ఈ పొందిక శాశ్వతం కాదు. ఇప్పుడు కూడా ప్రతిసారీ కుదరదు. 1980 ఫిబ్రవరి 16న ఉస్మానియావారి జపాల్-రంగాపూర్ వేధశాలలో సంపూర్ణ గ్రహణం కనిపించింది. 2019 డిసెంబరు 26న తమిళనాడులో సూర్యుడు ఉంగరంలా మిగిలాడు, చంద్రుడు చాల్లేదు. ఈ పొందిక కుదరకపోయినా వారి వాదన మారదు. అందుకే దాన్ని పరీక్షించడానికి దారి లేదు.

2005లో ఈ పుస్తకం మీద తీసిన సినిమాను వాషింగ్టన్లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో వేశారు. ప్రభుత్వ సంస్థ ఆమోదం ఉన్నట్టు కనిపిస్తుందని గొడవ రేగడంతో, ప్రదర్శన సాగనిచ్చినా మ్యూజియం తన సహ ఆతిథ్యం ఉపసంహరించుకుంది. 2007లో ఐయోవా స్టేట్ విశ్వవిద్యాలయం గొంజాలెజ్‌కు స్థిర నియామకం నిరాకరించింది. పరిశోధన చాలలేదని వారన్నారు, నమ్మకం వల్లనే శిక్షించారని ఆయన పక్షం వారన్నారు. 2005 డిసెంబరులో డోవర్ కేసులో మాత్రం న్యాయమూర్తి సాక్ష్యాలు విని, ఇంటెలిజెంట్ డిజైన్ సైన్సు కాదని, బడిలో దాన్ని జీవశాస్త్రంతో కలిపి చెప్పరాదని తేల్చారు. మన కోర్టు వదిలిన ప్రశ్నను ఆ కోర్టు విచారించింది.

మనం చెయ్యవలసింది

సంస్కృత విశ్వవిద్యాలయంలో జ్యోతిష గ్రంథాలు చదవవద్దని ఎవరూ అనరు. నిజానికి ఇంకా బాగా చదవాలి. ఆర్యభటుణ్ణి, భాస్కరుణ్ణి సంస్కృతం వచ్చినవారూ గణితం వచ్చినవారూ కలిసి కూర్చుని చదివితే ఎంత బాగుంటుంది! హోరను కూడా చరిత్రగా, సమాజశాస్త్రంగా చదవవచ్చు. కోట్లమంది పెళ్ళిళ్ళను, ప్రయాణాలను నడిపే విషయం పరిశోధనకు తగనిదెలా అవుతుంది?

అడగవలసింది ఒక్కటే. ఫలానా పద్ధతి భవిష్యత్తు చెబుతుందని విశ్వవిద్యాలయం ముద్ర వేసి పట్టా ఇచ్చేముందు, అది తప్పని తేలే పరీక్ష ఏదో చెప్పాలి. గ్రహణం లెక్క వేసేవాడు ఆ పరీక్షకు వేల ఏళ్ళుగా నిలబడుతున్నాడు. ఫలం చెప్పేవాడిని కూడా అక్కడే నిలబడమనడం అవమానం కాదు, సమానత్వం.

‘ఇష్టమున్నవాళ్ళే చేరతారు, మీకేమి నష్టం?’ అనవచ్చు. మామిడి తోట గుత్తకిచ్చి, బెల్లం అమ్మి బిడ్డను కాలేజీకి పంపే తండ్రి పాఠ్యప్రణాళిక చదివి చూడడు. పట్టా మీది ముద్రను చూసి నమ్ముతాడు. ఆ ముద్ర నీటిమీది రాత అయితే నష్టం జ్యోతిషం చదివినవాడికే కాదు, భౌతికశాస్త్రం చదివినవాడికీ నష్టమే. ఇద్దరి పట్టాల మీదా ఉన్నది అదే ముద్ర.

కాళహస్తి గుడి తలుపులు గ్రహణంలోనూ తెరిచి ఉంటాయి. విశ్వవిద్యాలయం తలుపులు కూడా తెరిచే ఉండాలి. కాకపోతే ఆ గుమ్మంలోకి వచ్చే ప్రతి విద్యనూ ‘నీ మాట తప్పయితే ఎలా తెలుస్తుంది?’ అని అడగాలి. అడిగే ధైర్యం విద్యార్థులకు, అడగనిచ్చే ఓర్పు అధ్యాపకులకు ఉండాలి.