రెండో తరగతి పిల్లలు చదివే బడి

చి.ల.సౌ. అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది.

పాపను ఒకటో తరగతిలో ఏ బడిలో వేయమంటావని అడిగావు. నువ్వు చూస్తున్న రెండూ సర్కారు బడులే అయినందుకు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. బోయపాలెం డైట్‌లో చదివి డీఎస్సీకి తయారవుతున్న పిల్లవి. రేపు నువ్వు ఇలాంటి బడిలోనే టీచరువవుతావు. నీ బిడ్డను పంపడానికి పనికిరాని బడిలో ఇంకొకరి బిడ్డలకు ఏం చెబుతావు? అందుకే ఈ ఉత్తరం తల్లిగానూ చదువుకో, టీచరుగానూ చదువుకో.

నువ్వు రాసినదాన్ని బట్టి ఒకటి మీ వీధి చివర, కాలనీని ఆనుకుని ఉన్న చిన్న బడి. ముప్ఫై మంది లోపు పిల్లలు, ఇద్దరు టీచర్లు. రెండోది మెయిన్ రోడ్డు దాటి అవతల ఉన్న మోడల్ ప్రైమరీ స్కూల్. అక్కడ తరగతికొక టీచరు. మీ అత్తగారు, ఆడపడుచు రెండోదే మంచిదంటున్నారు. నీకు మనసు ఎటూ తేలడం లేదు.

ముందుగా రెండు చోట్లా ఒకే తీరుగా ఉండేవాటిని లెక్కలోంచి తీసెయ్. బ్యాగు, బూట్లు, యూనిఫాం, పుస్తకాలు రెండు బడుల్లోనూ ఒకటే కిట్టు. 2025 జూన్ నుంచి మధ్యాహ్న భోజనంలో రెండు చోట్లా సన్నబియ్యమే. తల్లికి వందనం పథకం డబ్బు కూడా ఏ బడిలో వేసినా నీ ఖాతాలోనే పడుతుంది. 15 వేలల్లో 2 వేలు బడి నిర్వహణకు పోను 13 వేలు. ఇంగ్లీషు మీడియం అని మీ ఆడపడుచు అంటోందని రాశావు. ఆ మాటా అంతే. పుస్తకంలో ఎడమవైపు ఒక భాష, కుడివైపు రెండో భాష ఉంటాయి. ఏ బడిలో ఇచ్చినా అదే పుస్తకం. తేడా అంతా టీచరు పాఠం ఏ పేజీతో మొదలుపెడుతుందన్న దాంట్లో ఉంది. ఇంట్లో తెలుగు తప్ప మరో మాట వినని ఆరేళ్ల పిల్లకు ముందు తెలుగు పేజీ తెరిచి, అర్థం చెప్పి, ఆ తర్వాత ఇంగ్లీషు పేజీకి తీసుకువెళ్లే టీచరు దొరికితే ఆ పిల్లకు రెండు భాషలూ వస్తాయి. ఇంగ్లీషు పేజీ మాత్రమే తెరిచి పిల్లలచేత అరిపిస్తే రెండూ రావు. గోడల రంగులు, టైల్స్, గ్రీన్ బోర్డులు కూడా బడిని తేల్చే సంగతులు కావు. 2019 నవంబరు 14న నాడు-నేడు పథకం మొదలయ్యాక మొదటి విడతలోనే 15 వేలకు పైగా బడులు బాగుపడ్డాయి. అది చాలా మంచి పని. అయితే రంగు వేసిన గదిలో చదువు సాగుతోందా లేదా అన్నది బయటి నుంచి కనబడదు.

ఇక మీ అత్తగారు నోటితో అనకుండా మనసులో పెట్టుకున్న కారణం ఒకటుంది. నువ్వూ రాయలేదు కానీ నాకు తెలుసు. చిన్న బడి దళితుల కాలనీ పక్కన ఉంది. మన డెల్టా ఊళ్లలో ఒకే ఊరికి రెండు ప్రాథమిక బడులు ఎందుకున్నాయో ఆలోచించు. చాలాచోట్ల ఊళ్లోవాళ్ల బడి ఒకటి, పల్లెవాళ్ల బడి ఒకటిగా మొదలయ్యాయి. చట్టం అలా అనకపోయినా ఊరు అలాగే నడిపించింది. ఇది ఎక్కడికి దారితీస్తుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. తెనాలికి దగ్గర్లోనే. పక్కపక్కన బల్ల మీద కూర్చుని పలక పంచుకున్న పిల్లలు పెద్దయ్యాక ఒకరినొకరు మనుషులుగా చూడడం సులువవుతుందని నేను గట్టిగా నమ్ముతాను. కాబట్టి ఆ ఒక్క కారణం మాత్రం నీ నిర్ణయంలోకి రానివ్వకు. మీ అత్తగారితో గొడవ పెట్టుకోమనడం లేదు. ఈ మాట నీలో నువ్వు తేల్చుకో, చాలు.

అసలు తూచాల్సింది టీచర్ల సంగతి. ఇక్కడ కొంచెం నిదానంగా చదువు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లుండాలి. 30 మందికి ఒకరు అన్నమాట. మీ చిన్న బడిలో 15 మందికి ఒకరు పడుతున్నారు. కాగితం మీద ఇది పెద్ద కాన్వెంటుల్లో కూడా దొరకని లెక్క. కానీ ఆ చట్టం పిల్లల్ని లెక్కపెట్టింది, తరగతుల్ని లెక్కపెట్టలేదు. ముప్ఫై మంది ఉన్నా తరగతులు ఐదే. మామూలుగా ఒక టీచరు ఒకటి, రెండు తరగతులు తీసుకుంటే, రెండో ఆమె మూడు, నాలుగు, ఐదు చూస్తుంది. అదే చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన అంటుంది. రెండు తరగతులు ఒకే గదిలో, ఒకే టీచరు దగ్గరుంటే మీ పాపకు దక్కేది అందులో సగం. మిగతా సగం అక్షరాలు దిద్దుతూ, పక్క తరగతి పాఠం వింటూ గడుస్తుంది. ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టినా, ట్రైనింగ్‌కో మీటింగ్‌కో మండలాఫీసుకు వెళ్లినా ఐదు తరగతులూ ఒక్కరి నెత్తిన పడతాయి. ఆ రోజు చదువు జరగదు, కాపలా జరుగుతుంది.

ఇందుకే 2025 మేలో ప్రభుత్వం కొత్త జీవోలతో మోడల్ ప్రైమరీ స్కూళ్లను పెట్టింది. అంతకుముందు, 2022లో వచ్చిన 117వ జీవో 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లకు తరలించింది. చిన్న పిల్లలు కాలువలు, రోడ్లు దాటి పోవాల్సి వచ్చిందని ఆ ఏడు ఎన్నో ఊళ్లలో తల్లులు బడి గేట్లకు తాళాలు వేసి కూర్చున్నారు. సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్న ఉద్దేశం మంచిదే, కానీ ఎనిమిదేళ్ల పిల్లకు ఇంటికి దగ్గరగా ఉండటం కూడా చదువులో భాగమే. ఆ తర్వాత ఆ జీవో వెనక్కి పోయి, ఐదు తరగతులూ చాలాచోట్ల మళ్లీ ప్రాథమిక బడికి వచ్చాయి. తరగతికొక టీచరు అన్నది మన పల్లెబడికి చాలా కాలంగా కావలసిన సంగతి. ఈ విషయంలో మీ ఆడపడుచు మాటలో పస ఉంది.

అలాగని ఒక గదిలో రెండు మూడు తరగతులుంటే చదువు రాదని నేననను. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ ఉంది కదా, ఆ చుట్టుపక్కల పల్లెల్లో 1980ల చివరి నుంచి ఎ. రమ, వై.ఎ. పద్మనాభరావు దంపతులు ఒకే టీచరుండే బడుల్లో ఒక పద్ధతి నడిపించారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. నిచ్చెన మెట్లలాగా ఒక కార్డు అయ్యాక ఇంకో కార్డు. పిల్లలు తరగతి వారీగా కాక, చేస్తున్న పనిని బట్టి గుంపులుగా కూర్చుంటారు. కొందరు టీచరు దగ్గర, కొందరు తమకంటే ముందున్న పిల్లల దగ్గర, కొందరు ఒంటరిగా. నాలుగు రోజులు జ్వరంతో రాని పిల్ల ఆగిపోయిన మెట్టు నుంచే మళ్లీ మొదలుపెడుతుంది. ఆ పద్ధతి తర్వాత చెన్నై కార్పొరేషన్ బడుల్లోకి వెళ్లి, అక్కణ్నుంచి తమిళనాడంతా పాకింది. అంటే చిన్న బడి దానంతటదే లోపం కాదు. పిల్లల్ని గుంపులు చేసి కూర్చోబెట్టడం వచ్చిన టీచరున్న చిన్న బడి, తరగతికొక టీచరుండీ బోర్డు మీద రాసి దించుకోమనే పెద్ద బడి కంటే నయం. ఏది ఎలా నడుస్తోందో ఇక్కడ తెనాలిలో కూర్చుని నేను చెప్పలేను. నువ్వు వెళ్లి చూడాలి.

ఇప్పుడు ఒంటిపూట బడులు. పొద్దున్నే పనులు తెముల్చుకుని, వేసవి సెలవులు ఇచ్చేలోపే రెండింటికీ వెళ్లు. ఫంక్షన్ ఉన్న రోజు కాదు. మామూలు రోజు వెళ్లు. హెచ్ఎంని అడిగి, ఒప్పుకున్నాకే తరగతిలోకి అడుగుపెట్టు. చిన్న కథల పుస్తకం ఒకటి వెంట తీసుకుపో. వాచకం వద్దు. వాచకం పిల్లలకు కంఠస్థం వచ్చేసి ఉంటుంది, పేజీ తలకిందులుగా పట్టుకున్నా గడగడా చెప్పేస్తారు. రెండో తరగతి పిల్లలు ఐదుగురిని, ముందు బెంచీ వాళ్లనే కాక వెనక కూర్చున్న వాళ్లను కూడా, ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు వాక్యాలు చదవమను. ఒత్తుల దగ్గర ఆగినా ఫర్వాలేదు. చదివినది ఏమిటో తమ మాటల్లో చెప్పగలుగుతున్నారా చూడు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి దేశమంతటా పల్లెల్లో పిల్లల చదువును కొలుస్తున్నది దాదాపు ఇలాగే, రెండో తరగతి స్థాయి పేరా ఒకటి చేతికిచ్చి. ఒకటో తరగతిలో ఏం జరుగుతోందో తెలియాలంటే రెండో తరగతి వాళ్లను వినాలి. ఐదో తరగతి వాళ్లు బాగా చదివితే అది ఇంట్లో అన్నయ్యదో, ట్యూషన్‌దో కావచ్చు.

తర్వాత ఒకటో తరగతి నోటు పుస్తకాలు రెండు మూడు అడిగి తీసుకో. అన్నింటిలోనూ ఒకే వాక్యం, ఒకే చోట, ఒకే తప్పుతో ఉంటే అది బోర్డు మీంచి దించినది. పిల్ల తన పేరు, అమ్మ పేరు, మేకపిల్ల గురించి ఒక వంకర వాక్యం రాసి ఉంటే, పక్కన టీచరు దిద్దిన గుర్తు ఉంటే, ఆ గదిలో చదువు జరుగుతోంది. ఒకటో తరగతి టీచరును ఈ బడికి వచ్చి ఎన్నేళ్లయిందమ్మా అని మర్యాదగా అడుగు. ఒకే బడిలో ఎనిమిదేళ్లు నిండితే బదిలీ తప్పదు. వచ్చే ఏడే ఆమె వెళ్లిపోతుంటే, ఆమెను చూసి బడిని ఎంచుకోవడంలో అర్థం లేదు.

మరుగుదొడ్లు చూడు. చూడకుండా రావద్దు. తలుపుకు గడియ ఉందా, కుళాయిలో నీళ్లొస్తున్నాయా. ఆడపిల్ల దాహమేసినా నీళ్లు తాగకుండా ఇంటిదాకా బిగబట్టుకుందంటే ఆ రోజు ఆమెకు ఏ పాఠమూ ఎక్కదు.

ఇంకొకటి. పాపను వెంటబెట్టుకుని వెళ్లు. టీచరు నీతోనే మాట్లాడి పంపిస్తుందా, కిందికి వంగి పాపను కూడా పలకరిస్తుందా? తెలుగులో ‘రైలుబడి’గా వచ్చిన జపాను పుస్తకం నువ్వు చదివే ఉంటావు. అందులో హెడ్మాస్టరు కొబయాషి, ఇంకో బడి వద్దని పంపేసిన చిన్నపిల్ల తెత్సుకోను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆమె చెప్పేదంతా నాలుగు గంటలు విన్నాడు. మన టీచర్లకు అంత తీరిక ఉండదు, నిజమే. నాలుగు నిమిషాలు చాలు.

దారి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. రేపల్లె–బాపట్ల వైపు 216వ జాతీయ రహదారి వచ్చాక ఈ ప్రాంతంలో బండ్ల వేగం మారిపోయింది. ధాన్యం ట్రాక్టర్లు, రొయ్యల లారీలు తెల్లవారుజాము నుంచే తిరుగుతాయి. పాపను రోజూ చేయి పట్టుకుని రోడ్డు దాటించేవాళ్లు ఇంట్లో ఉన్నారా? నీకు డీఎస్సీలో ఉద్యోగం వచ్చి దూరం పోస్టింగ్ పడితే ఎవరు దాటిస్తారు? మన వైపు అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం పట్టిందంటే వారం వదలదు. నడిచి వెళ్లే బడికి పిల్ల వానలోనూ గొడుగేసుకుని పోతుంది. ఆటో ఎక్కాల్సిన బడికి వానతో పాటే సెలవు. ఏడాదిలో అలాంటి రోజులు కలిపితే తక్కువేం కావు.

బడి ఊరిని ఎంత వాడుకుంటుందో కూడా గమనించమంటాను. ఇది నా సొంత పిచ్చి అనుకో, అయినా వదులుకోను. మీకు పక్కనే ఉన్న భట్టిప్రోలు స్తూపంలో దొరికిన రాతి పెట్టెల మీది లిపి దక్షిణాదిలో మనకు తెలిసిన అతి పాత రాతల్లో ఒకటి. తుమ్మల సీతారామమూర్తి గారు పుట్టిన కావూరు మీ మండలంలోనే ఉంది. ఆయన కవిగానే కాదు, తెలుగు పండితుడిగా బడుల్లో పాఠాలు చెప్పి బతికారు. ఈ సంగతులు ఒకటో తరగతికి చెప్పనక్కర్లేదు. కానీ పిల్లల్ని కనీసం కాలువ గట్టు దాకా నడిపించి, కొంగలేవో నీటికోళ్లేవో చూపించే టీచరు ఏ బడిలో ఉందో అడిగి తెలుసుకో.

ఇదంతా చూశాక కూడా ఎటూ తేలకపోతే నా మాట ఇది. రెండో తరగతి పిల్లల్లో ఎక్కువమంది ఏ బడిలో చదవగలిగితే ఆ బడిలో వెయ్యి. మెయిన్ రోడ్డు అవతలిదైనా సరే. అప్పుడు దాటించే ఏర్పాటు చూసుకో. రెండు చోట్లా సరిసమానంగా చదివితే మీ వీధి చివరి బడిలోనే వెయ్యి. రెండు చోట్లా సరిగ్గా చదవలేకపోయినా వీధి చివరి బడిలోనే వెయ్యి. ఎందుకంటే బాగుచేసుకోవడానికి నీ చేతికందే బడి అదే. ముప్ఫై మంది పిల్లలున్న బడిలో ఒక చదువుకున్న తల్లి వారానికి ఒకసారి వచ్చి కథ చదివి వినిపిస్తే ఆ బడంతా విని తీరుతుంది.

ఏ బడిలో వేసినా కమిటీలో చేరు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా తల్లిదండ్రుల సమావేశాలు పెట్టినప్పుడు ముఖ్యమంత్రి మన బాపట్ల మున్సిపల్ హైస్కూలుకే వచ్చారు. ఆ రోజు అన్ని బడులూ కిటకిటలాడాయి. ఆ తర్వాత కూడా కమిటీ మీటింగులకు వచ్చి, టీచరు పోస్టు ఖాళీ ఉంటే ఎంఈవోకు కాగితం రాసి సంతకాలు పెట్టించే తల్లులు కావాలి. చదువుకున్న వాళ్లు తమ పిల్లల్ని తీసుకుపోతే సర్కారు బడికి ఆ పని చేసే మనిషి ఉండదు. నువ్వు ఉండు.

బడులు జూన్ 12న తెరుస్తారు. సెలవులిచ్చేలోపు రెండింటికీ వెళ్లి, ఏ పిల్ల ఏ వాక్యం దగ్గర ఆగిందో కూడా వదలకుండా నాకు రాయి.



ఇట్లు,
మీ పెద్దమ్మ,
తెనాలి